గడ్డి కోయని గుహ

హెలికాప్టర్ రాతి గుట్టల అంచుకు చేరగానే వార్విక్ మామ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"ఏరా అల్లుడూ, ఇక్కడ నిప్పు పెట్టొచ్చా?"

అడిగి తీరాలి. నేల వార్విక్‌దే, తండ్రి తాతల నుంచి వచ్చింది. కానీ సొంతదారు తన నేల మీద తనంతట తాను అగ్గిపుల్ల గీయకూడదు. అక్కచెల్లెళ్ళ కడుపున పుట్టినవాడు సరేననాలి. ఆ నేలను కాచేవాడు అతనే. జుంగ్‌కాయ్ అంటారు. ఎల్డన్ తల్లి వార్విక్‌కు అక్క. పదకొండేళ్ళుగా ఆ 'సరే' ఎల్డన్‌ది.

ఎల్డన్ ఒళ్ళో ట్యాబ్ ఉంది. మ్యాప్ మీద, పెద్దలు బొమ్మలు గీసిన గుహల చుక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. గుహ చుట్టూ గడ్డి కోసి, ఎండుటాకులు ఊడ్చి, మట్టి కనిపించేలా చేస్తేనే చుక్క పచ్చబడాలి. ఇక్కడ వానలు వెనకపట్టాక జూన్‌లో మనం పెట్టే చిన్న మంట గడ్డి మొదళ్ళను తినేసి పోతే, ఎండలు ముదిరే అక్టోబరులో పెద్ద మంటకు తినడానికేమీ మిగలదు. గుహలు బతుకుతాయి. కానీ ఆ చిన్న మంట కూడా గుహ గోడను నాకకూడదు.

ఉత్తరపు గుహ చుక్కను ఎల్డన్ పోయిన గురువారం మడుగు ఒడ్డున కూర్చుని, ఒక చేత్తో గాలం పట్టుకుని, రెండో చేత్తో నొక్కి పచ్చ చేశాడు. గుహ దాకా ఎండలో రెండు గంటల నడక. రేపు కోసేద్దాంలే అనుకున్నాడు. మర్నాడు ఫుట్‌బాల్ మ్యాచ్. ఆ తర్వాత శని, ఆదివారాలు.

"ఎల్డన్?"

గాలి తూర్పు నుంచి వీస్తోంది. మంట గుహ వైపు పోదు. ఒక్కరోజు గడిస్తే చాలు, రేపే వచ్చి కోసేస్తాడు.

"సరే మామా."

నిప్పు రాల్చే యంత్రం టకటకలాడింది. నిప్పు గుళ్ళు ఒక్కొక్కటే జారి గడ్డిలో పడ్డాయి. తెల్లటి పొగ దారాల్లా లేచింది. పైలట్ గ్రెటా గుట్టను చుట్టి వెనక్కి తిరిగేసరికి ఆ పొగ వాలే దిక్కు మారిపోయింది.

"గాలి తిరిగిందే!" అంది గ్రెటా. "ఉత్తరపు అంచుకు పోతోంది. అక్కడ కోసేశారుగా?"

"మావాడు కోశాడు" అన్నాడు వార్విక్, ధీమాగా.

ఎల్డన్ నోరు తెరవలేదు. ఒక నిమిషం. మంట గడ్డి మీద పాకుతోంది. రెండు నిమిషాలు. ఎల్డన్ ట్యాబ్ పక్కన పడేశాడు.

"దిగాలి. గుహ దగ్గర దింపు గ్రెటా, తొందరగా!"

"ఎందుకురా?" అన్నాడు వార్విక్. "గడ్డి కోశావుగా?"

"కోయలేదు మామా."

వార్విక్ మొహం చూసేసరికి ఎల్డన్ నోట అబద్ధం వచ్చేసింది. "గురువారం గుహ దారిలో వాగు దాటే చోట మా అత్తగారు ఉంది. బుట్టల కోసం మొగలాకులు కోసుకుంటోంది. ఎలా పోను? మళ్ళీ వద్దామని చుక్క పెట్టేశాను. మర్చిపోయాను."

వార్విక్ ఇంకేమీ అడగలేదు. అల్లుడు తన భార్యను కన్న అత్త మొహం చూడకూడదు, పేరు పలకకూడదు, ఆమె ఉన్న దారిన పోకూడదు. అత్త అడ్డమొచ్చిందంటే పెద్దలు కూడా తల ఊపి ఊరుకోవాల్సిందే. ఆ సంగతి ఎల్డన్‌కు బాగా తెలుసు.

దిగీ దిగగానే ఎల్డన్ ఆకులు ఊదే మిషన్ వీపున వేసుకుని పరుగెత్తాడు. వార్విక్ అరవై ఏడేళ్ళ మనిషి, పచ్చి కొమ్మ విరిచి మంటను బాదాడు. గ్రెటా కూడా ఇంజను ఆపేసి వచ్చి బాదింది. తలెత్తు గడ్డి పటపటా పేలుతోంది. అరగంటకు మంట గుహ నోటి దగ్గర చచ్చింది. అప్పుడు లోపల ఫట్‌మని చప్పుడైంది.

తాత గీసిన తెల్లటి పెద్ద చేప ఉండాలక్కడ. ఎముకలు కూడా కనబడేలా గీశాడు. వేడికి రాతి పెచ్చు ఊడిపోయింది. చేపకు తల లేదు.

వార్విక్ ఆ పెచ్చును ముట్టుకోలేదు. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మా నాన్న దీన్ని గీసినప్పుడు నేను రంగు నూరాను" అన్నాడు. అంతే.

మర్నాడు పొద్దున రేంజర్ల షెడ్డు పక్కన మామిడి చెట్టు కింద పెద్దలూ రేంజర్లూ అందరూ విచారణకు కూర్చున్నారు. అత్తగారు దూరంగా, ట్రక్కుకు అవతల, వీపు ఇటు తిప్పి కూర్చుంది. పక్కనే ఆమె కూతురు, ఎల్డన్ భార్య రోనెట్.

"వదినా, ఒక్క మాట" అన్నాడు వార్విక్ గొంతు పెంచి. "పోయిన గురువారం నువ్వు వాగు దాటే చోట ఉన్నావా?"

రోనెట్ చటుక్కున తల్లి వైపు చూసింది. ఎల్డన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఉన్నాను" అంది ముసలావిడ.

"గడ్డి కోతలు జరిగే వారమని నీకు తెలీదా? చెప్పి పోవాలి కదా."

"చెప్పి పోవాల్సింది. తప్పు నాదే."

ఈ ఎండాకాలమంతా ఆమె ఆ వాగుకు పోకూడదన్నారు. అల్లిన చాపలు రెండు వార్విక్ ఇంటికి ఇవ్వమన్నారు. ఆమె అన్నింటికీ ఊఁ అంది. ఎల్డన్ భుజం మీద ఎవరో చెయ్యి వేసి, "నువ్వేం చేస్తావులే పాపం" అన్నారు. ఆ చెయ్యి నిప్పుకణికలా తగిలింది.

ఇంటికొచ్చాక రోనెట్ టీ పెట్టలేదు.

"గురువారం అమ్మ క్లినిక్‌లో ఉంది. నేనే తీసుకెళ్ళాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే."

ఎల్డన్ బూట్లు విప్పబోయి ఆగాడు.

"సాయంత్రం నువ్వు పంపిన చేప తింది. మడుగు చేప. దాని రుచి ఆమెకు తెలీదనుకున్నావా? బాగా కొవ్వు పట్టిందట. నీకు చెప్పమంది."

"ఇంకేమన్నా అందా?"

"ఇంకేమంటుంది? నీతో మాట్లాడకూడదుగా." రోనెట్ అతని వైపు తిరిగింది. "అల్లుడు అబద్ధాలకోరని పదిమందిలో అంటే నీ మీద వేలు చూపించినట్టు. అది ఆమె చేయలేదు. నువ్వు చేయగలిగావు. నీ ఎదుటికి రాలేని మనిషని తెలిసే చేశావు."

ఎల్డన్ గడప మీద కూర్చున్నాడు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఆ ముసలావిడ అతనికి కనిపించింది వీపు మాత్రమే. ఆ వీపు మీద తన తప్పు మోపి వచ్చాడు.

మధ్యాహ్నం దాకా కూడా ఆగలేకపోయాడు. రోనెట్‌ను వెంటబెట్టుకుని మళ్ళీ షెడ్డుకు వెళ్ళాడు. వార్విక్ అందరినీ పిలిపించాడు. అత్తగారు వచ్చి మళ్ళీ ట్రక్కుకు అవతలే కూర్చుంది.

"గురువారం వాగు దగ్గర ఎవరూ లేరు" అన్నాడు ఎల్డన్. "నేను మడుగు దగ్గర చేపలు పడుతున్నాను. అక్కణ్ణుంచే చుక్క నొక్కాను."

ఎక్కడో కుక్క ఒకటి గోక్కుంటున్న చప్పుడు వినిపించింది.

"ఎన్ని పడ్డాయి?" అన్నాడు వార్విక్.

"రెండు మామా."

"రెండా." వార్విక్ నవ్వాడు. ఆ నవ్వు కంటే చెంపదెబ్బ నయం. "గడ్డి కోయలేదని చెప్తే నేను కోసేవాణ్ణి కదరా. ముసలాణ్ణే కానీ కొడవలి పట్టగలను. పైన నిన్ను రెండుసార్లు అడిగాను. రెండుసార్లు."

ఎల్డన్ భార్య వైపు తిరిగాడు. "మీ అమ్మతో చెప్పు. సిగ్గుపడుతున్నానని చెప్పు."

పది అడుగుల దూరంలో ఉన్న తల్లికి రోనెట్ ఆ మాటే మళ్ళీ చెప్పింది. ముసలావిడ ఏదో గొణిగింది.

"పడాలి మరి, అంటోంది" అంది రోనెట్.

చాపలు ఆమెకు తిరిగి ఇచ్చేశారు. వాగూ ఆమెదే. ఆ నేల కాపలా మాత్రం ఎల్డన్‌ది కాకుండా పోయింది. ఎల్డన్ పిన్ని కొడుకు కెల్విన్ కూడా వార్విక్ చెల్లెలి కడుపున పుట్టినవాడే, ముప్పై ఏళ్ళవాడు, రేంజరు పనిలో ఎల్డన్ చేతి కిందే ఎదిగాడు. ఇకనుంచి మాట కెల్విన్‌ది.

"నేను అడగలేదన్నా" అన్నాడు కెల్విన్, ఇబ్బందిపడుతూ.

"తెలుసులేరా."

రెండ్రోజుల తర్వాత గుహకు క్షమాపణ చెప్పుకోడానికి బయల్దేరారు. ఎల్డన్ ట్రక్కు నడిపాడు. గుట్ట కింద ఆపగానే తనూ దిగాడు.

వార్విక్ కెల్విన్ వైపు చూశాడు. "వీణ్ణి రానిద్దామా?"

కెల్విన్ అన్న కళ్ళలోకి చూడకుండానే అన్నాడు. "ఇప్పుడే వద్దన్నా. గుహలో మన పూర్వీకులింకా కోపంగా ఉంటారు."

ఎల్డన్ తల ఊపాడు. వాళ్ళు కాలిన నేల మీదుగా ఎక్కిపోయారు. అడుగడుగుకీ బూడిద లేచింది. కాసేపటికి పైనుంచి కెల్విన్ గొంతు వినిపించింది. గుహలో ఉన్న ఆ పూర్వీకులను కేకేసి పిలుస్తూ, ఎవరెవరు వచ్చారో ఒక్కొక్కరి పేరే చెప్తున్నాడు. ఎల్డన్ ట్రక్కు తలుపు పట్టుకుని చివరి పేరు దాకా విన్నాడు.