సర్వీసుకని పంపిన మిషన్లు

ఆ మిషన్లను మేమే విప్పాం. ముందు ఆ సంగతి ఒప్పుకుని, మిగతాది చెబుతాను. రేపు ఎవడో వచ్చి "మీ చేతులతో మీరే లారీ ఎక్కించారుగా" అని ఎత్తిపొడవనక్కర్లేదు.

మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. నూట నలభై మందిమి, ఎక్కువమంది ఆడవాళ్ళం. నేను కాలర్లు కుట్టేదాన్ని. మా నాన్న అక్కడే హెడ్ మెకానిక్. ఏడాదిగా ఊళ్ళో వ్యాపారం పడుకుంది. మా వీధి మొదట్లో ఫర్నిచర్ షాపు మూశారు. దాని పక్కన ప్రింటింగ్ ప్రెస్సు మూశారు. టైర్ల గోడౌనులో సగం మందిని పొమ్మన్నారు, ఆ సగంలో మా ఆయనా ఉన్నాడు. ఇక ఇంటికి నా పని, నాన్న పనే దిక్కు.

అలాంటి రోజుల్లో మా యూనియన్ కార్యదర్శి గేటు ముందు నిలబడి ఉపన్యాసమిచ్చాడు. ఆయన్ని చిన్నా పెద్దా అందరం 'అన్న' అనేవాళ్ళం.

"పది రోజులు సెలవు. ఈలోపు మిషన్లన్నీ సర్వీసుకెళ్ళొస్తాయి. రాగానే కొత్త ఆర్డరు. ఒక్కరి ఉద్యోగం కూడా పోదు. ఓనరుతో నేను మాట్లాడాను. పూచీ నాది!"

చప్పట్లు కొట్టాం. ఛీ, అది తలుచుకుంటే నా చేతులంటే నాకే అసహ్యం.

చప్పట్లతో ఆగామా? ఎవరి మిషను జబ్బు వాళ్ళకే తెలుస్తుంది. సర్వీసు చేసేవాళ్ళు తికమక పడకూడదని తలా ఒక చీటీ రాసి మిషనుకు అంటించాం. "ఎడమవైపు దారం తెంపుతోంది." "పొద్దున్నే మొరాయిస్తుంది, రెండు చుక్కలు నూనె వెయ్యండి." గుండీలు కుట్టే అక్క, అందరికీ ఆవిడ గుండీలక్కే, "విసుక్కోకండి, ఇది ముసలిది" అని రాసింది. నాన్న సంగతి సరేసరి. రెండు రోజులు తిండి ధ్యాస లేకుండా ఒక్కో భాగం విప్పాడు, తుడిచాడు, నూనె పూశాడు, పాత గుడ్డల్లో చుట్టి అంకెలు వేశాడు. "మెల్లగా, నాయనా, మెల్లగా" అని లారీవాళ్ళ ప్రాణం తీశాడు.

పదకొండో రోజు వెళ్తే గేటుకి కొత్త తాళం. గోడ మీద నోటీసు. నేనే గట్టిగా చదివాను. ఆర్థిక మాంద్యం వల్ల ఫ్యాక్టరీ శాశ్వతంగా మూసివేయడమైనది.

"శాశ్వతంగానా?" అంది గుండీలక్క. "మరి నా మిషనేదే?"

జవాబు టీ కొట్టు దగ్గర దొరికింది. మిషన్లు తోలిన లారీ డ్రైవరు అక్కడే టీ తాగుతున్నాడు. చుట్టుముట్టాం.

"సర్వీసేంటమ్మా? మూడు వందల కిలోమీటర్ల అవతల కొత్త షెడ్డులో దింపొచ్చాను. కాంట్రాక్టు మీద పిల్లల్ని కూడా పెట్టుకున్నారు. ఆడపిల్లలే. మీ యూనియనాయన చెప్పలేదా? అక్కడ సూపర్‌వైజర్ ఆయనేగా."

గుండీలక్క మండిపడింది. "వాడి నోట్లో మన్ను పడ! వాడికా అమ్మా మనం అన్న అన్న అని నోరు నొప్పెట్టేలా పిలిచింది!"

ఆ పూటే గేటు ముందు కూచున్నాం. అధికారులకు అర్జీ ఇచ్చాం. ఫ్యాక్టరీ మూసుకోవడం ఓనరిష్టం అన్నారు. నాన్న కూడా వచ్చి రెండు రోజులు మాతో కూచున్నాడు. మూడో రోజు పొద్దున లేచి చూస్తే మంచం కింద ఆయన పనిముట్ల పెట్టె లేదు.

"అమ్మా, నాన్నేడీ?"

అమ్మ నావైపు తిరగలేదు. "వాడు ఫోన్ చేశాడు. అక్కడ మిషన్లు బిగించడం ఎవరి తరమూ కావట్లేదట. ఈయనొస్తే పర్మనెంటు చేస్తారట."

"వాడంటే ఎవడు? ఆ అన్నేనా? నువ్వు వెళ్ళనిచ్చావా?"

"వెళ్ళనివ్వక? పొయ్యిలో పిల్లి లేవని ఇంట్లో కూచుని నీ నినాదాలు వండుకు తినమంటావా?"

ఓనరు మోసం చేశాడంటే వాడు ఓనరు. అన్న మోసం చేశాడంటే వాడెప్పటినుంచో ఇస్త్రీ చొక్కా మనిషి. నాన్న! నాకు సూదిలో దారం ఎక్కించడం నేర్పిన మనిషి. దాచిపెడదామనే గేటు దగ్గరికి వెళ్ళాను. కానీ వాళ్ళ మొహాలు చూశాక నా నోరు ఆగలేదు.

"మా నాన్న కూడా అక్కడికే పోయాడు. మనందర్నీ నట్టేట ముంచి పోయాడు."

ప్యాకింగులో పనిచేసే బావ లేచాడు. వరసకు బావ, నోటికి కత్తెర. "కూతురు ఇక్కడ ధర్నా, తండ్రి అక్కడ డ్యూటీ! బాగుందమ్మా మీ ఇంటి ఏర్పాటు!"

"నోర్ముయ్!" అంది గుండీలక్క. "అది వచ్చి చెప్పింది కాబట్టి తెలిసింది. రేపు నీకొస్తుంది ఆ ఫోను. నువ్వెళ్ళవా?"

బావ చెవి గోక్కున్నాడు. "ఏమో... ఇంట్లో ముగ్గురు పిల్లలు. వెళ్తానేమో."

"అదిగో! ఒక్కొక్కర్నీ విడదీసి లాక్కుంటున్నాడు. మనమేమో ఒకరి మొహాన ఒకరం ఉమ్మేసుకుంటున్నాం."

"అసలు అక్కడ కుడుతున్న వాళ్ళని తన్నాలి" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "మన నోటి కాడ కూడు లాక్కుంది వాళ్ళే!" అవునవునని చాలామంది అన్నారు. నేనూ అన్నాను.

మరో నాలుగు రోజులకు, మిట్టమధ్యాహ్నం, ఎండలో కూచుని ఉండగా నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆడపిల్ల గొంతు.

"అక్కా, మీరు మెకానిక్ తాత కూతురేనా? తాతని పోలీసులు పట్టుకెళ్ళారు. వెళ్తూ మీ నంబరు చెప్పాడు."

స్పీకరు పెట్టాను. అందరూ మూగారు.

"తాత వచ్చిన దగ్గర్నుంచీ తలొంచుకుని మిషన్లు బిగిస్తూనే ఉన్నాడక్కా. ఇవాళ టీ టైములో నేనే అడిగాను. తాతా, మీ ఊరివాళ్ళు మిషన్లు పగలగొట్టేశారట, అందుకే ఇక్కడికి తెచ్చారని సూపర్‌వైజర్ చెప్పాడు, నిజమేనా అని. తాత గ్లాసు కిందపెట్టి లేచాడు. 'మేం పగలగొట్టామా? నూనె పూసి, గుడ్డలు చుట్టి, మా చేతులతో పంపాం! మమ్మల్ని ముంచినవాడు మిమ్మల్ని వదులుతాడా?' అని షెడ్డంతా వినబడేలా అరిచాడు. వెళ్ళి మెయిన్ స్విచ్చు కట్టేసి దానికి అడ్డంగా నిలబడ్డాడు. పోలీసులొచ్చి ఈడ్చుకెళ్ళారు."

"మరి మీరు?" అని అడిగాను.

"స్విచ్చు వెయ్యనివ్వలేదు. ఎనభై మందిమి బయటికొచ్చి గేటు ముందు కూచున్నాం. తర్వాతేం చెయ్యాలో మాకు తెలీదక్కా. మీరూ కూచున్నారని తాత చెప్పాడు, మీకు తెలుసు కదా?"

మాకేం తెలుసు! మేం మాత్రం వారం కిందట నేర్చుకోవడం మొదలుపెట్టిన వాళ్ళం. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. గుండీలక్క ఫోన్ లాక్కుంది.

"ఎవడొచ్చి తియ్యగా మాట్లాడినా లేవకండే తల్లీ. మేం వస్తున్నాం."

గేటు దగ్గర ముప్పై మందిని ఉంచి, మిగతావాళ్ళం దొరికిన బస్సల్లా ఎక్కి బయలుదేరాం. తెల్లారగానే ముందు పోలీస్ స్టేషనుకే వెళ్ళాను. నాన్న ఊచల వెనక నేల మీద కూచుని ఉన్నాడు. పెదవి చిట్లింది.

"కోపంగా ఉందా?"

"ఉంది. ఎందుకు వెళ్ళావు నాన్నా?"

"మిషన్లు లేని షెడ్డు చూడలేకపోయానమ్మా. ఇంట్లో మీ అమ్మ మొహమూ చూడలేకపోయాను. నాలుగు రోజులు వాడికోసం బిగించాను. తప్పు తప్పే." చిట్లిన పెదవి తుడుచుకున్నాడు. "నా దగ్గరేం చేస్తావు? ఆ పిల్లలు భయపడుతుంటారు. అక్కడికి పద."

నేనాయన్ని క్షమించలేదు. అయినా ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కానిస్టేబుల్ కసిరాకే వదిలాను.

కొత్త షెడ్డు గేటుకు అటూ ఇటూ లాఠీలు. మధ్యలో ఆ ఆడపిల్లలు, మా వాళ్ళకంటే చిన్నవాళ్ళు, చున్నీలు తలమీద కప్పుకుని బిక్కుబిక్కుమంటూ కూచున్నారు. తన్నాలన్నది వీళ్ళనేనా అని సిగ్గేసింది. లోపల మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. అన్న అద్దాల గదిలోంచి మమ్మల్ని చూసి కర్టెను లాగేశాడు.

"అక్కా, వచ్చారా!" ఫోన్ చేసిన పిల్ల లేవబోయింది.

"లేవొద్దన్నానా!" అని గుండీలక్క కసిరింది. "జరుగు."

వాళ్ళు ఒకరినొకరు నెట్టుకుంటూ జరిగి మాకు చోటిచ్చారు. మేం కూచున్నాం. ఇంకో పోలీసు వ్యాను వచ్చి ఆగింది. ఎవ్వరమూ లేవలేదు.