రెండో పొట్లంలో నికెల్

"ఇయ్యాల డ్యూటీకి పోకు బిడ్డా. పొద్దటి సంది కుడికన్ను అదురుతున్నది."

ప్రవీణ్‌కుమార్ బూట్ల లేసులు కట్టుకుంటూ నవ్వాడు. "నీ కన్ను అదిరినప్పుడల్లా ఇంట్ల కూసుంటే కంపెనోళ్లు నా కండ్లు పీకుతరే అమ్మా. జల్దీ నడువు, నీ ఆటో పోతది."

సుమిత్ర సద్దిడబ్బా మూత మరోసారి బిగించి ఇచ్చింది. కర్దనూర్ నుంచి పటాన్‌చెరు దాకా ఆటోలో, కొడుకు కంపెనీ ఉన్న గడ్డపోతారం దిక్కే చూస్తూ కూర్చుంది. పొగ తెల్లగా లేస్తే ఒక భయం, నల్లగా లేస్తే ఇంకో భయం. అసలు కనబడకపోతే అన్నిటికన్నా పెద్ద భయం.

రాళ్లను పరీక్షించే ల్యాబులో ఆమెది నూరే పని. తొమ్మిదేళ్లుగా అదే. ఒకప్పుడు పత్తి ఏరి పగిలిన వేళ్లకు ఇప్పుడు రాతిపొడి పట్టింది. నూరే గది తలుపు దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. ఒంటి మీది లోహమంతా అందులో వేసే లోపలికి పోవాలి, లేకుంటే పొడి పాడవుతుంది. సుమిత్ర కమ్మలు తీసి వేసింది. శని పీడ పోవాలని పెట్టుకున్న గుర్రపునాడా ఇనుప ఉంగరం మాత్రం తీయలేదు. తుప్పు పట్టకుండా దాని పైన నికెల్ పూత. ఎవరూ చూడకముందే గ్లౌజు తొడుక్కుంది. మూడేళ్లుగా ఇంతే.

"ఏందత్తా, నీళ్లు తాగేటప్పుడు గూడ గ్లౌజు తియ్యవ్?" పక్క బల్ల దగ్గర నూరే జ్యోతి అడిగింది. "గోరింటాకు పెట్టుకున్నవా ఏంది?"

"నీ పని నువ్వు చూస్కో పోరీ."

ఆ నెల వచ్చినవి నల్లరాళ్లు. సీసాపెంకుల్లా మెరుస్తాయి, లోపలంతా బుడగలు. ఎప్పుడో ఆకాశం నుంచి రాయి పడితే, ఆ వేడికి నేల కరిగి గడ్డకట్టినవట. "పడ్డ రాయి ఆవిరైపోతుంది సుమిత్రమ్మా," అని వెంకటేశ్వరరావు సారు చెప్పాడు. "దాని నికెల్ మాత్రం కరిగిన నేలలో రవ్వంత మిగలొచ్చు. మనం వెతికేది అదే." ఆ మాట విన్న రోజు ఆమె అన్నం ముట్టలేదు.

మధ్యాహ్నం సారు పిలిచాడు. బల్ల మీద రెండు పొట్లాలు ఉన్నాయి.

"ఒకే రాయిని రెండు ముక్కలు చేసి మీ ఇద్దరికీ ఇచ్చాను. జ్యోతి నూరినదాంట్లో నికెల్ మామూలుగానే ఉంది. మీ పొట్లంలో నాలుగింతలు. నిజమైతే దొరికినట్టే, సాయంత్రం రిపోర్టు పంపేస్తాను." కళ్లద్దాలు తీశాడు. "నూరిన రోజు మీ చేతికి ఏమైనా ఉందా?"

పోయిన మంగళవారం నూరుతుంటే గ్లౌజు ఉంగరపు వేలి దగ్గర చిరిగింది. కొత్తది అడిగితే ఉంగరం కనబడుతుందని, పరీక్షకు ఒక పాలు తీయడానికి ఆ చేత్తోనే పొడిని కుప్పచేసి నాలుగు భాగాలుగా పంచింది.

నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్నది. లేదంటే పని ఉంటుంది, ఉంగరమూ ఉంటుంది. ఉందంటే తీయాలి.

మూడేళ్ల కింద ఒక పొద్దున అందరిలాగే దాన్ని తీసి డబ్బాలో వేసింది. ఆ మధ్యాహ్నమే గడ్డపోతారం కంపెనీలో రసాయనాలు మరిగించే రియాక్టర్ పేలింది. నీ మొగుడు పెంటయ్య అని కంపెనీవాళ్లు చూపించింది ఒక మొలతాడు బిళ్లను. అది అతనిదేనా అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆ అనుమానం ఇప్పటికీ ఆమెతోనే పడుకుని ఆమెతోనే లేస్తుంది. తండ్రి కొలువే కొడుక్కిచ్చారు.

సారు ఎదురుచూస్తున్నాడు.

సుమిత్ర గ్లౌజు ఊడదీసింది. ఉంగరం కణుపు దగ్గర ఆగింది. ఉమ్మితో తడిచేసి లాగింది. తెల్లకాగితం మీద పెడితే దాని అంచు నుంచి చిటికెడు నల్లపొడి రాలింది.

"ఉండె సార్. గ్లౌజు చినిగె." కాగితాన్ని సారు దిక్కు జరిపింది. "నన్ను పనిల నుంచి తీసేసినా మంచిదే గని, జెర గడ్డపోతారం కంపెనీకి ఫోన్ కొట్టుండ్రి సార్. నా కొడుకు ఉన్నడా అని అడుగుండ్రి."