మూడో పొగగుంట

ముసల్ది పొద్దుటి నుంచీ నెత్తి మీదే తిరుగుతోంది.

అమెరికా వాళ్ల ఆ చిన్న విమానానికి ఆ పేరు ఇక్కడి సైనికులు పెట్టిందే. బాంబులు వెయ్యదు, కాల్పులు జరపదు. తీరుబడిగా చక్కర్లు కొడుతూ అడవిని గాలిస్తుంది, అంతే. దాని కంట ఏదైనా పడిందో, పావుగంటలో జెట్లు వచ్చి మీద పడతాయి. ఆపైన అక్కడ చెట్టూ ఉండదు, మనిషీ ఉండడు.

వంటవాడు ఖాయ్ పొయ్యి దగ్గర కూర్చోలేకపోతున్నాడు, నిలబడలేకపోతున్నాడు. వెదురు తడికల కింద నలభై మంది క్షతగాత్రులను దాచిన అడవి ఆస్పత్రి అది. తెల్లవారుతూనే హెలికాప్టర్లు తూర్పు గుట్ట మీద అమెరికా సైనికులను దించి పోయాయి. కింద వాళ్లు, పైన ముసల్ది. మంచాలెత్తుకుని ఇంకోచోటికి పారిపోదామన్నా దారి లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. పొద్దున బియ్యం మోసుకొచ్చే జట్టు, బస్తాలతో పాటు ఉయ్యాల కట్టి ఒక మనిషిని కూడా మోసుకొచ్చింది. దారిలో బాంబు ముక్క కడుపులో దిగిన తమ జట్టు ఆడమనిషి. ఖాయ్ ఉయ్యాల గుడ్డ తొలగించి చూశాడు. న్యాన్. అతని భార్య. ఆమెను చూసి ఏడు నెలలైంది.

డాక్టర్ థక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మాటల్లో నాన్చుడు ఎరగని మనిషి.

"కత్తులన్నీ రాత్రి వాడేశాం. అరగంట మరగబెడితే గానీ మళ్లీ పనికిరావు. మధ్యాహ్నం దాటితే నీ పెళ్లానికి నేను చెయ్యగలిగిందేమీ ఉండదు. ఇప్పుడు చెప్పు ఖాయ్, పగలు పొయ్యి వెలిగిస్తే పొగ పైకి లేస్తుందా? నువ్వు లేవదంటే వెలిగిద్దాం. పొయ్యి సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

ఆ పొయ్యి కట్టడంలోనే ఉంది కిటుకంతా. మంట నేల లోపల. పొగ కాలువ గుండా పాకి ఒక గుంటలోకి, దాంట్లోంచి రెండోదాంట్లోకి, అక్కణ్ణుంచి మూడోదాంట్లోకి పోవాలి. గుంటలపైన కొమ్మలు, మట్టి, తడి ఆకులు. మూడు గుంటలూ దాటేసరికి పొగ పలచబడి నేలబారు మంచులా జారుకుంటుంది. అయినా సరే, వెలిగించేది తెల్లవారుజామునే. అప్పుడైతే లోయంతా ఎలాగూ మంచే.

పొయ్యి కట్టేటప్పుడు రెండు గుంటలు తవ్వాక ఖాయ్‌కి బండ తగిలింది. వాన, జ్వరం, పైగా నడుంనొప్పి. ఎవడు తవ్వి చూస్తాడులే అనుకుని బండ మీద ఆకులు పరిచేసి, మూడూ పూర్తయ్యాయని చెప్పేశాడు. నామ్‌దిన్ ఊళ్లో బట్టల మిల్లు క్యాంటీన్‌లో వంట చేసిన రోజుల నుంచీ అతని పనిని ఎవరూ వేలెత్తి చూపింది లేదు. ఇక్కడా రెండు నెలలుగా మంచు అతని పరువు కాపాడుతూ వచ్చింది.

'లేవదు' అన్న మాట నాలుక చివరే ఉంది. ఆ ఒక్క మాటతో న్యాన్ బతికే దారి ఉంది. కానీ తడికల కింద పడుకున్న నలభై మందిలో సగం మందికి అతనే గంజి తాగించాడు.

"లేస్తుంది డాక్టర్ గారూ," అన్నాడు. "మూడో గుంట లేదు. నేను అబద్ధం చెప్పాను."

థక్ అతని మొహంలోకి తేరిపార చూశాడు. "ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!" అని మాత్రం అని, తల పట్టుకుని కూర్చున్నాడు.

పక్క తడిక కింద నుంచి లూక్ గొంతు లేచింది. ఒక కాలు పోగొట్టుకున్న ఫిరంగివాడు. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏం వంటన్నా, రెండు గుంటలతో మా కళ్లు కప్పావా? అందుకేనా గంజి కూడా అంత పలచన? సర్లే, మూడో గుంట మేమవుతాం. దుప్పట్లు తడపండ్రా!"

పాకగలిగినవాళ్లు పదకొండు మంది తేలారు. తడి దుప్పట్లు కప్పుకుని, పొగ బయటికొచ్చే ఆ బండ చుట్టూ ఒకరినొకరు ఆనుకుని పడుకున్నారు. ఖాయ్ ఎండు కట్టెలు సన్నగా చీల్చి అగ్గి అంటించాడు. నీళ్లు సెగ పట్టేలోపే దుప్పట్ల కింద నుంచి దగ్గులు మొదలయ్యాయి. పొగ వాళ్ల ముక్కుల్లోకి, కళ్లలోకి పోతోంది. అంచుల్లోంచి బయటపడ్డ కాస్త పొగను మిగతావాళ్లు తాటాకు టోపీలతో నేలకేసి విసిరికొడుతున్నారు.

ముసల్ది రొద దగ్గరయింది. ఇంకా దగ్గరయింది. కొమ్మల సందున దాని రెక్క తళుక్కుమంది.

ఖాయ్ కళ్లు మూసుకున్నాడు. 'ఇటు చూడకే తల్లీ! ఇంకేదైనా చూసుకో. ఇంకెక్కడికైనా పో.' ఎన్నిసార్లు అనుకున్నాడో అతనికే తెలియదు.

రొద పడమటికి మళ్లింది. నీళ్లు మరిగాయి, కత్తులు అరగంటా వాటిలో ఉడికాయి. థక్ గిన్నె లాక్కుని పోయాడు. కాసేపటికి ఆకాశం చీలిపోయేలా జెట్లు వచ్చాయి. వాగు అవతల ఎక్కడో నేల మూడుసార్లు అదిరింది. పొయ్యి పక్కన పెట్టిన గిన్నెమూత ఎగిరిపడింది.

లూక్ దుప్పటి తీసి, మసి మొహంతో పళ్లికిలించాడు. "ముసల్దానికి చత్వారం వచ్చిందిరోయ్!"

అందరూ నవ్వారు. దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ నవ్వారు. ఖాయ్ కూడా నవ్వాడు. ఇన్నాళ్లలో అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రానికి న్యాన్ కళ్లు తెరిచింది. గండం గడిచిందని థక్ చెప్పాడు. ఖాయ్ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, నిద్రలో బాంబుల చప్పుడు వినబడింది. ఎక్కడ పడ్డాయి?"

"దూరంగాలే. వాగు అవతల."

"వాగు అవతలా?" ఆమె లేవబోయింది. అతను ఆపాడు. "అక్కడ కొండవాళ్ల గూడెం తప్ప ఏముంది? ఇవాళ పోడు కాలుస్తామన్నారు వాళ్లు. ఆ విమానం తిరుగుతుంటే కాల్చకండని చెప్పా. వానలు వచ్చేస్తాయమ్మా, ఎన్నాళ్లు ఆగుతామన్నాడు పెద్దాయన. మేం మోసుకొచ్చిన బియ్యం ఆయన గాదె ఊడ్చి ఇచ్చినవే."

ఖాయ్ ఆమె చెయ్యి వదిలేశాడు. "నేనే అడిగాను న్యాన్. ఇటు చూడొద్దు, ఇంకెక్కడికైనా పొమ్మని నేనే అడిగాను."

ఆమె మొహం తడికవైపు తిప్పుకుంది.

అతను గునపం తీసుకుని బండ దగ్గరికి పోయాడు. మూడో గుంట కోసం చీకటి పడేదాకా కొడుతూనే ఉన్నాడు. ముసల్ది పోయిందిగా, ఇప్పుడెందుకన్నా అని లూక్ అడిగినా ఆపలేదు. మర్నాడు తెల్లవారుజామున మంచులో పొయ్యి వెలిగించి, గూడెం పెద్దాయన ఇచ్చిన బియ్యం బస్తా విప్పి గంజి కాచాడు. మొదటి గిన్నె న్యాన్‌కి తీసుకెళ్లాడు.

ఆమె గిన్నెలోకి చాలాసేపు చూసింది. తర్వాత అతనివైపు చూసింది. చుక్క మిగల్చకుండా తాగి, ఖాళీ గిన్నె అతని చేతిలో పెట్టింది.

"నువ్వు తిన్నావా?" అని అడిగింది.

"తింటాలే," అన్నాడు ఖాయ్. ఆ బస్తా అయిపోయేదాకా అదే మాట చెప్పాడు.