ముప్పై మూడు చూపిన ముల్లు

నెత్తిన కాళ్లు పెట్టించుకోవడమే నా బతుకు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మనుషుల బరువు చూపే యంత్రాన్ని నేను. ఇనుప పెట్టె, గుండ్రటి అద్దం, దాని కింద ఎర్రటి ముల్లు. ఎక్కడో పెద్ద ఊళ్లో నన్ను బిగించి, సరిచూసి, ముద్ర వేసి పంపారు. పదకొండేళ్లలో ఒక్క అబద్ధం ఆడలేదు.

అందరూ చెప్పులతోనే ఎక్కేవారు. ఓబుళమ్మవ్వ మాత్రం చెప్పులు పక్కన విడిచి, వంగి నన్ను తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని ఎక్కేది. డెబ్బై దాటిన మనిషి. నోట్లో నాలుగు పళ్లు. మొదటిసారి నలభై ఆరు కిలోలు. షుగరు ఉందని ఆ రోజే తేలింది.

నర్సు ప్రమీల తలెత్తకుండా చెప్పింది. "తీపి మానెయ్, నూనె మానెయ్, అన్నం తగ్గించు. గోడ మీద పటం చూసుకో. తర్వాతెవరు?"

పటంలో ఆపిల్ పండ్లు, బాదం పప్పులు. నాలుగు పళ్లతో బాదం ఎలా నమలాలో అందులో రాయలేదు.

"అంటే పత్తెమే గదా," అనుకుంటూ వెళ్లింది అవ్వ.

నెలనెలా వచ్చేది. నలభై మూడు. నలభై. ముప్పై ఏడు. "భలే తగ్గినావవ్వా! నీ మాదిరి చెప్పిన మాట ఎవురూ వినరు," అని మెచ్చుకునేది ప్రమీల. అవ్వ మురిసిపోయేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. మనిషి కళ్లముందే కరిగిపోతుంటే శెబాష్ అంటారా?

ఏడో నెల ముప్పై మూడు చూపాను.

"ఇంత తగ్గుతుందా యాడన్నా? మిషనే చెడిపోయింది," అంది ప్రమీల. నన్ను మోసుకెళ్లి బయట, వెనక కిటికీ కింద, విరిగిన కుర్చీల మధ్య పడేశారు. పదకొండేళ్ల నిజానికి దక్కిన మర్యాద అది.

వారం తిరక్కుండా కొత్త యంత్రం వచ్చింది. మళ్లీ చూడాలని అవ్వను పిలిపించారు. అదీ ముప్పై మూడే చూపింది. అప్పుడు గానీ డాక్టరమ్మ లేచి రాలేదు.

"ఏం తింటాండావవ్వా?"

"రెండు మెతుకులు, చారు నీళ్లు. పప్పు ల్యా, పాలు ల్యా, గుడ్డు ముట్టల్యా."

"ఇన్నాళ్లా! ఎందుకు?"

"మీరే గదా తల్లీ పత్తెం పెట్టినారు. పెట్టినోళ్లే ఇడిపించాల. ఈ నెలన్నా ఇడిపిస్తారేమోనని వస్తానే ఉండా."

బరువు చూసుకోవడానికి వస్తోందనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ ఒక్క మాట కోసమట! మొక్కులా మన మాటను మోసే మనిషికి మాటను ఇంత తేలిగ్గా విసరొచ్చా? దేవుడు మెచ్చుతాడా?

"ఇడిపించినామవ్వా, ఈ పొద్దు నుంచే," అంది డాక్టరమ్మ. "పప్పు మెత్తగా ఉడకబెట్టుకో. పాలు తాగు. గుడ్డు తిను. తీపి ఒక్కటే వద్దు."

అవ్వ వెనక దారిన పోతూ నన్ను చూసి ఆగింది. వంగి, దుమ్ము తుడిచి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంది.

కిటికీలోంచి ప్రమీల గొంతు వినిపించింది. "తీపి మానెయ్, నూనె మానెయ్, అన్నం తగ్గించు. తర్వాతెవరు?"