పెన్నలో పడవకు స్టీలు తీగ

పామిడి దగ్గర పెన్నలో నీళ్ళు లేవు. ఇసుక ఉంది, ఇసుక మీద గంగప్ప తెరచాప పడవ ఉంది. ఆషాఢం గాలి లేవగానే అది ఒడ్డు వదిలి ఇసుకను చీల్చుకుంటూ పోయేది. బస్సు పోని పల్లెలకు శెనక్కాయ కలుపు కూలీలను, మేకలను, ఎరువు మూటలను చేరవేసి పొద్దు వాలేసరికి తిరిగొచ్చేది. గాలి లేని రోజు కూలీలు గాలిని తిట్టుకుంటూ నడిచిపోయేవాళ్ళు.

పడవ అంచు చుట్టూ నడుమెత్తు కడ్డీలు నిలబెట్టి, వాటి గుండా రెండు వరసల తీగ లాగి ఉండేది. మొదట్లో అది మామూలు ఇనుప తీగ. ఒకసారి తుప్పు పట్టి తెగి, ఒక ముసలామె పడవ మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది గంగప్ప మద్రాసు పోయి, ఓడలకు కట్టే స్టెయిన్‌లెస్ స్టీలు తీగ తెచ్చి బిగించాడు. స్టీలు గదా, ఇంక చూసే పనే లేదని ఊళ్ళో అనుకున్నారు. గంగప్ప ఒప్పుకోలేదు. స్టీలైనా లోపల్లోపల చెడుతుందని, తీగ చివరను గొట్టంలో పెట్టి నొక్కిన చోటే ముందు పోతుందని చెప్పి, పెద్దకొడుకు మద్దిలేటికి ఆ పని అప్పగించాడు.

మద్దిలేటి రోజూ పొద్దున్నే పాత నూలుగుడ్డ తీగకు చుట్టి పట్టుకుని పడవ చుట్టూ నడిచేవాడు. ఎక్కడైనా పోగు తెగి ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. కడ్డీలను ఊపి చూసేవాడు. బిగించిన మరలు వదులు కాకుండా పెట్టిన సీలలను వేలితో తడిమేవాడు. మంచినీళ్ళతో తీగ కడిగి తుడిచేవాడు. ఇంత శ్రద్ధ ఎందుకంటే, నాయన తర్వాత చుక్కాని తనదేనని అతని నమ్మకం.

గంగప్పకు చూపు మందగించింది. ఒక సాయంత్రం సంగటి తింటూ, ఇంక మీదట చుక్కాని చిన్నోడు పడతాడని చెప్పాడు. చిన్నోడంటే రంగన్న. వాడికి గాలి తెలుసన్నాడు నాయన. మద్దిలేటి చేతిలో ముద్ద తట్టలో పెట్టి లేచిపోయాడు.

ఆ రోజు నుంచి తమ్ముడు ఏం చేసినా అతనికి సయించలేదు. రంగన్న చుక్కాని దగ్గర కూర్చుంటే కూలి ఆడవాళ్ళు పాట ఎత్తుకునేవాళ్ళు. మజ్జిగ చెంబు ముందు రంగన్న చేతికే పోయేది. ఇంట్లో భార్య కదిరమ్మ కూడా, మరిది తోలితే కడుపులో నీళ్ళు కదలవని మాటవరసకు అంది. దానికి మద్దిలేటి ఆమెతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. తీగ తుడుస్తున్నంతసేపూ తమ్ముడు ఎక్కడ నవ్వుతున్నాడో వింటూ ఉండేవాడు.

ఒక పొద్దున, పడవ వెనక భాగంలో గుడ్డ చిక్కుకుంది. సరిగ్గా రంగన్న వీపు ఆనించే చోటు. వంగి చూస్తే గొట్టం మూతి దగ్గర ఎర్రటి తుప్పు గీత ఉంది. కొన్ని పోగులు తెగి పైకి లేచాయి. గట్టిగా ఆనుకుంటే మిగతావీ తెగుతాయి. మద్దిలేటి గుడ్డ విడిపించుకుని, ఆ చోటునే చూస్తూ నిలబడ్డాడు.

రంగన్న పడవెక్కుతూ అడిగాడు. "ఎట్లుండాది అన్నా?"

"బాగుండాది పో."

కూలీలు ఎక్కారు. చాప విప్పారు. గాలి బలంగా కొట్టింది, చాప నిండింది, పడవ మాత్రం కదల్లేదు. రంగన్న చుక్కాని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మనుషులు దిగి తోశారు. ఇసుకలో అంగుళం కూడా జరగలేదు. పడవకు మనసు లేనట్టుందని ఒకరన్నారు, తక్కినవాళ్ళు తలూపారు.

రంగన్న చుక్కాని వదిలి లేచాడు. "నాతో రానంటాంది. నువ్వు కూచో అన్నా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అదే మద్దిలేటికి మంటగా అనిపించింది.

అతను కూర్చుని చుక్కాని మీద చెయ్యి వేశాడు. పడవ కదిలింది.

ఎన్నాళ్ళుగానో కోరుకున్న చోటు అది. ఇసుక రెండు పక్కలా లేచి పడుతోంది. మద్దిలేటి మాత్రం వీపు తీగకు తగలకుండా ముందుకు వంగి కూర్చున్నాడు. నడుము లాగుతున్నా వెనక్కి జరగలేదు. రంగన్న తెరచాప కొయ్య దగ్గర, మేకల మధ్య కూర్చున్నాడు.

పడవ మలుపు తిరుగుతుండగా కూలి నాగలక్ష్మమ్మ తూలి, నిలదొక్కుకోడానికి వెనక తీగ మీద చెయ్యి వెయ్యబోయింది. మద్దిలేటి చుక్కాని వదిలేసి ఆమె చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాడు.

"ఆడ ఆనుకోవద్దు. తీగ పోయుండాది."

రంగన్న తల తిప్పి చూశాడు. "పొద్దున బాగుండాదంటివే?"

మద్దిలేటి తమ్ముడి వంక చూడలేకపోయాడు. "పొద్దున కూడా పోయే ఉండె" అన్నాడు.

రంగన్న లేచొచ్చి, మేక మెడలోని తాడు విప్పి, చెడిన తీగ పక్కన రెండు కడ్డీలకూ కలిపి కట్టాడు. పోయి మళ్ళీ తన చోట కూర్చున్నాడు.

సాయంత్రం గంగప్పకు సంగతి చేరింది. ఆయన మద్దిలేటిని పిలిచి, పడవ నీతోనే వస్తోంది కాబట్టి నువ్వే తోలు, తీగలు చిన్నోడు చూస్తాడు అన్నాడు. మద్రాసు నుంచి కొత్త తీగ వచ్చింది. ఆ తర్వాత రంగన్న చుక్కాని పట్టినప్పుడల్లా పడవ కదలకుండా నిలబడింది. అలా చుక్కాని అన్నదైంది, తీగలు తమ్ముడివయ్యాయి.

మద్దిలేటి కుళ్ళు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు జనం పడవెక్కే ముందు రంగన్న మొహం చూసేవాళ్ళు. వాడు బాగుండాదంటే నిశ్చింతగా కూర్చునేవాళ్ళు. తన మాటను అలా ఎవరూ నమ్మరని మద్దిలేటికి తెలుసు.

శ్రావణంలో ఒక పొద్దున రంగన్న తీగ చూస్తూ పడవ చుట్టూ తిరిగి ముగించి, మళ్ళీ మొదటి కడ్డీ నుంచి మొదలుపెట్టాడు. మద్దిలేటి ఒడ్డు మీంచి చూస్తున్నాడు. చాన్నాళ్ళుగా లోపల తొలుస్తున్న మాట నోట వచ్చింది.

"రంగా, నీకు నా మీద కుళ్ళు లేదా?"

రంగన్న చెయ్యి ఆగలేదు.

"ఎందుకుండదన్నా? శానా ఉండాది. అందుకే రెండోతూరి చూస్తాండా."

మద్దిలేటి పడవెక్కి, కింది వరస తీగను తను పట్టుకున్నాడు. గాలి అప్పటికే లేచింది. ఇద్దరూ చూడడం అయ్యేదాకా కూలీలు ఇసుకలో కూర్చున్నారు.