జ్యేష్ఠ పైకెక్కాక

చుక్కాని తెడ్డు ఇలెమాయ్ చేతిలో ఉంది గానీ, పడవ ఎటు పోవాలో చెప్పే నోరు మేనమామ ఉరుపిక్‌ది. సముద్రం మీద చుక్క పేరు పలికే హక్కు దారి చూపే పెద్దకే. ఆయన చెప్పకుండా చుక్క మార్చినవాడికి ఆ దీవుల్లో మళ్లీ ఎవరూ తెడ్డు ఇవ్వరు.

చీకటి పడుతుండగా "జ్యేష్ఠ మీదికి పట్టరా" అన్నాడు మామ. ఎర్రటి చుక్క నీళ్లంచున లేచింది. బాగానే ఉంది. కానీ ఏ చుక్కైనా అంచు దగ్గరున్నంతసేపే దారి చూపుతుంది. భూమి తిరుగుతోందని బళ్లో చెప్పారు గానీ, పడవలో కూర్చున్నవాడికి తిరిగేది ఆకాశమే. జ్యేష్ఠ పైకెక్కేకొద్దీ దక్షిణానికి జరిగిపోతుంది. అప్పుడు దాన్ని వదిలేసి, అదే చోట లేచే ఉత్తరాషాఢను పట్టుకోవాలి. ఉత్తరాషాఢ లేచింది. మామ నోరు విప్పలేదు.

తాగడానికి అడుగున కాసిని బోండాలు మిగిలాయి. ముందున్న దీవి అరచేతంత. అది తప్పితే ఆవలంతా నీళ్లే.

"మామా, జ్యేష్ఠ బాగా పైకెక్కింది" అన్నాడు ఇలెమాయ్ మెల్లగా.

"చెప్పాల్సినప్పుడు చెప్తాలే. నువ్వు తెడ్డు చూసుకో."

తెరచాప తాడు పట్టుకున్న యారోమల్ నవ్వాడు. "మేనల్లుడికి అప్పుడే పెద్దరికం కావాలట."

ఇలెమాయ్‌కి ఒళ్లు మండింది. మామ వైపు తిరిగాడు. జ్యేష్ఠ ఒకవైపుంటే మామ చూపు ఇంకోవైపుంది. పగలు ఆయన తాడు కోసం తడుముకోవడం గుర్తొచ్చింది. చూపు ఆనడం లేదని పైకి అంటే మామ పరువు పోతుంది. అనకపోతే అందరూ పోతారు.

తెడ్డు తోశాడు. దక్షిణానికి తప్పిన దూరం కూడా లెక్కేసుకుని, ఉత్తరాషాఢకి ఇంకాస్త ఎడమగా తిప్పాడు.

"ఎవరు తిప్పమన్నారు?" అంటూ యారోమల్ లేచాడు.

"మామ చెప్పాడు. నీకు వినబడలేదు."

మామ కాదంటే ఇలెమాయ్ పని అంతే సంగతులు. ముసలాయన మేనల్లుడి గొంతు వచ్చిన వైపు తల తిప్పి, "చెప్పాను" అన్నాడు.

తెల్లవారేసరికి తెల్లపిట్టలు ఎదురొచ్చాయి. అవి వచ్చిన వైపే కొబ్బరి తలలు కనబడ్డాయి. యారోమల్ పెద్దాయన్ని తెగ పొగిడాడు. ఉరుపిక్ చెయ్యెత్తి ఆపాడు.

"నేను చెప్పలేదురా. చుక్కలు కనబడక ఏడాదైంది. అలల్ని బట్టి నెట్టుకొస్తున్నాను. రాత్రి అవీ అందలేదు. తిప్పింది వీడు. ఇకమీద చుక్క పేరు వీణ్ణే అడగండి."

ఇలెమాయ్ ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట అది. వినగానే ఏడుపొచ్చింది. తెడ్డు వదలకూడదు కాబట్టి కళ్లు తుడుచుకోలేదు.