గేటుకు ఇవతల

అంబులెన్సు వచ్చింది. గేటు తెరుచుకోలేదు.

ఢిల్లీలో మే నెల, మిట్టమధ్యాహ్నం. జనక్‌పురి అవతల ఒక కాలనీ. కాలనీ వెనక మురుగుకాలువ, కాలువ గట్టున బస్తీ. మెయిన్‌రోడ్డు నుంచి బస్తీకి బండి పోవాలంటే కాలనీని ఆనుకుని ఉన్న వీధే దగ్గరి దారి. ఆ వీధి సర్కారుది, అయినా దాని మొగలో ఇనుప గేటు పెట్టారు. దొంగతనాలు పెరిగాయని కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు కార్పొరేటరు దగ్గరకూ అధికారుల దగ్గరకూ తిరిగి, ఒప్పించి, పగలు కూడా తాళం వేసుకునే అనుమతి తెచ్చుకున్నారు. మనుషులు నడిచిపోవడానికి మాత్రం ఇరుకు సందు వదిలారు. పనివాళ్లు రావాలి కదా మరి!

నేను ఉషను. మునిర్కాలో అద్దెగదిలో ఉండి చదువుకుంటున్నాను. ఆదివారాలు ఆ బస్తీకి వెళ్లి పిల్లలకు చదువు చెబుతాను. ఆ రోజు ఈ-రిక్షా దిగేసరికి అంబులెన్సు డ్రైవరు గేటు కాపలావాడి మీద అరుస్తున్నాడు.

"చాబీ నా దగ్గర లేదు భయ్యా. సెక్రటరీ సాబ్ ఇంట్లో ఉంటుంది. ఫోన్ ఎత్తడం లేదు. ఘూమ్‌కే జావో!"

అంబులెన్సు చుట్టుదారిన వెళ్లిపోయింది. అది మలుపు తిరిగిందో లేదో, వీధి చివర నుంచి మనుషులు మంచం మోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. మంచం మీద అప్పారావు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన తాపీ కూలీ. స్లాబు మీద ఎండదెబ్బకు పడిపోతే, కాసేపు పడుకుంటే తగ్గుతుందని ఇంటికి చేర్చారు. తగ్గలేదు. మంచం గేటు పక్క సందులో పట్టలేదు. నేను లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది. నీళ్లు చల్లాం. చున్నీలు తడిపి కప్పాం. అంబులెన్సు మళ్లీ ఇటు రమ్మని ఎవరో ఫోన్లో బతిమాలుతున్నారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామన్నారు.

ఆ గేటు కడ్డీల పక్కనే, మా చేతుల్లోనే, అప్పారావు పోయాడు.

అతని భార్య కోటమ్మ అప్పుడు కాలనీలో అంట్లు తోముతోంది. తోముతున్నది కాలనీ సంఘం సెక్రటరీ త్యాగరాజు గారింట్లోనే. ఆయన పక్కగదిలో ఫోను మూగచేసి నిద్రపోతున్నారు. తాళంచెవి ఆ వంటింట్లోనే, ఫ్రిజ్ పక్క మేకుకు వేలాడుతోంది. రోజూ దాని కిందే ఆమె గిన్నెలు బోర్లిస్తుంది. ఈ సంగతి తెలిసినప్పుడు కోటమ్మ ఏడవలేదు. "ఓలమ్మో, సెయ్యి సాపితే అందును కదే" అంది. ఆ మాటే పదేపదే అంది.

దహనం అయ్యాక అందరం కలిసి త్యాగరాజు గారింటికి వెళ్లాం. ఆయన కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, కృష్ణా జిల్లా మనిషి. చెడ్డవాడని అనలేను. కోటమ్మను చూసి ఆయన చేతులు జోడించారు. భార్య తాయారమ్మ గారు గుమ్మంలోనే ఏడ్చేశారు. గేటు మాట ఎత్తగానే ఆయన మాత్రం మళ్లీ ఆఫీసరయ్యారు.

"నాకూ బాధగానే ఉందమ్మా. అర్జీ ఇవ్వండి, కమిటీలో పెడతాను. ఇలా గుంపుగా ఇంటి మీదకొస్తే ఎలా? ప్రతి గుంపూ ప్రెషర్ పెడితే ప్రభుత్వం ఎవరి మాట వినాలి? ప్రజాస్వామ్యం అన్నాక ఎన్నికలున్నాయి, ఓటుంది."

మాతో వచ్చిన ఉమాశంకర్ ఖమ్మం వైపు మనిషి, ఆటో నడుపుతాడు, ఇళ్లపనివాళ్ల యూనియన్‌లో తిరుగుతాడు. "అంకుల్, ఓటు మీరు గూడ ఏసిండ్రు గదా. మరి మీకు సంఘమెందుకు?"

"మాది రిజిస్టర్డ్ అసోసియేషన్. మేమెవర్నీ బెదిరించలేదు."

"మీరు ఆపీసులో కుర్సీలేసుకుని కూకుంటే సంగం, మేం ఈదిలో నిలబడితే గుంపా బాబూ?" అంది కోటమ్మ.

త్యాగరాజు గారు వెనక్కి జరిగారు. "నా ఒక్కడి చేతుల్లో ఏముంది, కమిటీ నిర్ణయం" అని తలుపు వేసుకున్నారు.

సాయంత్రం బస్తీలో మీటింగు. ఒక ముసలాయన కార్పొరేటరు కాళ్లు పట్టుకుందామన్నాడు.

"కాళ్లు వట్టుకుంటే ఇయ్యాల తీస్తరు, రేపు మల్ల తాళమేస్తరు" అన్నాడు ఉమాశంకర్. "పనులు బంద్ జెయ్యాలె. ఆళ్ల వంటిల్లు ఆగితెనే మన మాట ఇనబడ్తది."

"మానేస్తే మన పన్లోకి ఆ చెత్త ఏరుకునేవోల్లు రారా?" అని ఎవరో అరిచారు.

కాలువకు అటు గట్టున చెత్త ఏరుకునేవాళ్ల గుడిసెలున్నాయి. బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో రహీమా అనే నడివయసు మనిషి మీటింగు అంచున నిలబడి ఉంది. ఆమె ముందుకొచ్చి హిందీలో అంది:

"మీ పనుల్లోకి మేం రాం దీదీ. కానీ ఒక మాట అడుగుతా. నీళ్ల ట్యాంకరు వస్తే మా బకెట్లను మీ బస్తీ కమిటీ లైన్లో పెట్టనివ్వదు. మేం బయటివాళ్లమట. చనిపోయినాయన్ని అనకూడదు, కానీ నా బకెట్టును తన్నింది అప్పారావు భయ్యానే. అది గేటు కాదా?"

 ఒక్కసారిగా అందరూ అరిచారు. చితి చల్లారకముందే నిందలా అని కొందరు ఆమె మీదకు లేచారు. కోటమ్మ లేచి అడ్డం నిలబడింది.

"అబద్దమాడనేదు. మా ఇంటాయనే తన్నినాడు. పక్కనే ఉండి నాను నవ్వినాను." ఆమె జనం వైపు తిరిగింది. "మనకి సంగం గావాల. గానీ ఆల్ల సంగం నాంటిది నాకొద్దు. ఈల్లు మన లైన్లో ఉంటేనే నానొస్తాను."

కొన్ని కుటుంబాలు లేచి వెళ్లిపోయాయి. వెళ్లినవాళ్లలో అప్పారావు సొంత తమ్ముడు కూడా ఉన్నాడు. ఆ రాత్రికి కోటమ్మ ఇంటికి అన్నం పంపింది వాళ్లే. వాళ్లను శత్రువులని ఎలా అంటాం? మిగిలినవాళ్లం తక్కువమందిమే. కానీ ఎవరిని దూరంగా ఉంచాలన్న మాట మా మధ్య మళ్లీ రాలేదు.

మర్నాడు కాలనీలో చాలా ఇళ్ల బెల్లు మోగలేదు. మాలో ఇళ్లపనులు చేసే ఆడవాళ్లందరూ వచ్చి గేటు ముందు కూర్చున్నారు. రహీమా వాళ్లు కూడా వచ్చి చెత్తబండ్లు పక్కన నిలిపి కూర్చున్నారు. కడ్డీల వెనక నుంచి కాలనీ ఆడవాళ్లు పేర్లు పెట్టి పిలిచారు. మంచి మాటలు చెప్పారు, తర్వాత తిట్టారు. "మీ అమ్మాయి ఫీజు ఎవరు కట్టారే?" అని ఒకావిడ అరిస్తే, ఆ ఇంట్లో వంటచేసే మనిషి తల వంచుకుని ఏడ్చింది. ఏడుస్తూనే కూర్చుంది.

రెండో రోజు ఎండ ఇంకా పెరిగింది. కాలనీ సంఘం ఎవరికి ఫోను చేయాలో వాళ్లకు చేసింది. పోలీసులు వచ్చారు. దారి అడ్డగించారన్నది మా మీద నేరం. తాళం వేసిన దారిని! అది విని ఉమాశంకర్ నవ్వబోయాడు. లాఠీ మోచేతి మీద పడింది. కోటమ్మను జుట్టుపట్టి వ్యానెక్కించారు. శాంతిభద్రతల కేసు పెట్టి ఇద్దర్నీ జైలుకు పంపారు.

గేటు అలాగే ఉంది.

జామీను ఇవాళ కాదు రేపన్నారు. ఈలోగా అప్పారావు పెద్దకర్మ రోజు వచ్చింది. బస్తీలో చేద్దామంటే, భార్య లేకుండా ఎలాగని ముసలివాళ్లు వద్దన్నారు. అందుకని జైలు గోడ ముందున్న ఫుట్‌పాత్ మీదే చేశాం. అన్నం, పప్పు, అతనికి ఇష్టమైన ఎండుచేపల పులుసు. లేచి వెళ్లిపోయిన తమ్ముడే వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, విస్తరి వేశాడు. తాయారమ్మ గారు రోడ్డుకు అటుపక్క ఆటో దిగి నిలబడ్డారు. ఇటు దాటుతారేమోనని చూశాను. దాటలేదు. చాలాసేపు నిలబడి వెళ్లిపోయారు.

కోటమ్మను చూడనిమ్మని లోపలికి కబురు పంపాం. ఒక పోలీసు అధికారి బయటికి వచ్చి మమ్మల్నందర్నీ చూశాడు.

"క్యా తమాషా హై? ఏ సంఘం మీది?"

మేం ఇంకా పేరు పెట్టుకోలేదు. 

"అయితే వినండి. చనిపోయినవాడి బంధువులు ఉండండి. మిగతావాళ్లు వెళ్లిపోండి, లేదంటే మిమ్మల్నీ లోపలేస్తాను."

ముందుగా రహీమా లేచింది. కొంగుతో చేతులు తుడుచుకుని అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"మై అప్పారావు కీ బహన్ హూఁ" అంది. అప్పారావు తోబుట్టువునని.

ఆమె వెనక తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత వంటమనుషులు, తాపీ కూలీలు, చెత్త ఏరుకునేవాళ్లు, నేను. ఫుట్‌పాత్ మీద లైను పెరుగుతూ పోయింది. అందులోంచి ఒక్కరూ వెళ్లిపోలేదు.